కొత్త వంటగది ప్లాను: సింకుకూ స్టవ్వుకూ మధ్య మూడడుగుల గట్టు

వంటగది చేయించుకుందామని షోరూముకు వెళితే ముందు రంగులు చూపిస్తారు. అద్దంలా మెరిసే తలుపులు, తెరవగానే లోపల వెలిగే దీపాలు, చేతి మొనతో తోస్తే మూసుకునే సొరుగులు. చూడముచ్చటగానే ఉంటాయి కానీ అవి ఆఖరున తేల్చుకోవాల్సినవి. తలుపుల రంగు నచ్చకపోతే ఐదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. సింకు నీరు పోయే గొట్టం, గోడలోని వైర్లు, చిమ్నీ కన్నం, గట్టు ఎత్తు తేడా వస్తే మాత్రం గోడ పగలగొట్టాల్సిందే. కాబట్టి ప్లాను మొదలుపెట్టేది రంగుల పుస్తకంతో కాదు, టేపుతో, ఒక నోటు పుస్తకంతో.

ఇంకో మాట. మన వంటలో చేతులు ఎక్కువసేపు ఆడేది స్టవ్వు ముందు కాదు, సింకుకూ స్టవ్వుకూ మధ్య ఉన్న గట్టు మీద. కూరగాయలు కడిగి తరగడం, ఆకుకూర ఏరడం, చింతపండు పిసకడం, చపాతీలు ఒత్తడం, పోపు వేసే ముందు అన్నీ చేతికి అందేలా పెట్టుకోవడం, అంతా అక్కడే. ఆ గట్టు కనీసం మూడడుగులు ఖాళీగా మిగలాలి. అక్కడ మిక్సీ ఉండకూడదు, నీళ్ల ఫిల్టరు ఉండకూడదు, రైస్ కుక్కర్ ఉండకూడదు. కింద చెప్పే నిర్ణయాల్లో చాలావరకు ఆ మూడడుగులను కాపాడుకోవడానికే.

ముందు ఇంట్లో సామాను కొలవండి

ఇప్పుడు వంట చేస్తున్న గదిలోనే నిలబడి ఉన్నవన్నీ మూడు వరుసలుగా రాయండి: రోజూ తీసేవి, వారానికోసారి తీసేవి, పండగలకు, చుట్టాలు వచ్చినప్పుడు దించేవి. తర్వాత టేపు పట్టండి. అన్నిటికన్నా పెద్ద గుండిగ వెడల్పు ఎంత? ఆవకాయ జాడీ ఎత్తు ఎంత? విజిల్ పెట్టాక కుక్కర్ ఎత్తు ఎంత? కాడతో సహా పెనం పొడవు ఎంత? భోజనం కంచం అడ్డంగా 11 అంగుళాలా, 12 అంగుళాలా? ఈ ఒక్క అంగుళం తేడాకే కొత్త సొరుగులో కంచాలు పట్టక మళ్లీ గట్టు మీదికి చేరతాయి.

బియ్యం బస్తా సంగతి విడిగా ఆలోచించండి. 25 కిలోలో 26 కిలోలో ఉన్న బస్తాను పై అరల్లోకి ఎత్తడం ఎవరి వల్లా కాదు. బస్తా విప్పి పోసుకునే డబ్బా నేలకు దగ్గరగా, మూత పూర్తిగా తెరుచుకునే చోట ఉండాలి. పప్పుల డబ్బాలు ఎన్ని, నూనె క్యాన్ ఎంత, రుబ్బుడు వారానికి ఎన్నిసార్లు, ఒకేసారి ఇద్దరు వంట చేస్తారా, పనమ్మాయి గిన్నెలు ఎక్కడ తోముతుంది, ఇవి కూడా రాసుకోండి. మీ ఇంటి వంటను ఎరగని డిజైనర్‌కు ఈ కాగితం కన్నా పనికొచ్చే బొమ్మ ఇంకొకటి ఉండదు.

దిక్కులు తేల్చాకే గొట్టాలు

మన ఇళ్లలో వంటగది ఆగ్నేయంలో, వండేవాళ్లు తూర్పుకు తిరిగి, నీళ్లు ఈశాన్యం వైపు అన్న పట్టింపు చాలామందికి ఉంది. మీకు నమ్మకం లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్లకు ఉండవచ్చు. వాదన వద్దు; సిద్ధాంతిని అడగదలచుకుంటే గోడలకు గాడి కొట్టకముందే అడగండి. గ్రానైటు పరిచాక స్టవ్వు జరపమంటే ఆ ఖర్చు ఆయన పెట్టుకోడు.

అపార్ట్‌మెంట్ అయితే నీళ్లు బయటికి పోయే గొట్టం ఎక్కడుందో మొదట చూడండి. సింకును ఆ గొట్టానికి ఎంత దూరం జరిపితే వాలు అంత తగ్గుతుంది, నూనె జిడ్డు, మెతుకులు దారిలోనే పేరుకుంటాయి. ఒకటి రెండు అడుగులు జరపడం వేరు, ఎదుటి గోడకు మార్చడం వేరు.

ఒక నమూనా: 10 అడుగులు, 8 అడుగులు

ఉత్తర దక్షిణాలు 10 అడుగులు, తూర్పు పడమరలు 8 అడుగులు ఉన్న గది తీసుకుందాం. తూర్పు బయటి గోడ. పడమట హాలులోంచి గుమ్మం. ఉత్తరాన వాష్ ఏరియాకు తలుపు. ఇలాంటి గదికి ‘ఎల్’ ఆకారం గట్టు బాగా కుదురుతుంది. ఒక చేయి తూర్పు గోడ పొడవునా, రెండోది దక్షిణపు గోడ వెంట. గట్టు లోతు 2 అడుగులు.

ఇప్పుడు తూర్పు గోడను దక్షిణం నుంచి కొలుస్తూ రండి. మొదటి 2 అడుగులు మూల. స్టవ్వు మీంచి దించిన గిన్నెలకు అది చోటు. తర్వాత రెండున్నర అడుగులు స్టవ్వు. ఆ తర్వాత మన మూడడుగుల ఖాళీ గట్టు. దాని పక్కన 2 అడుగుల సింకు, చివర అరడుగు. మొత్తం 10. తూర్పుకు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు సింకు, కుడి చేతి వైపు స్టవ్వు. కడగడం, తరగడం, వండటం ఒకే వరుసలో ఎడమ నుంచి కుడికి సాగిపోతాయి. కిటికీ ఈ మూడడుగుల మీద గాని సింకు మీద గాని ఉండాలి. స్టవ్వు వెనక కిటికీ వద్దు. గాలికి మంట రెపరెపలాడుతుంది, చిమ్నీ బిగించడానికి గోడా ఉండదు.

దక్షిణపు చేతిలో మూల పోగా 6 అడుగులు మిగులుతాయి. పడమటి కొసన రెండున్నర అడుగులు ఫ్రిజ్‌కు ఇవ్వండి. మిగతా మూడున్నర అడుగులు మిక్సీ, గ్రైండర్, రైస్ కుక్కర్‌ల రాజ్యం. ఫ్రిజ్‌కు ఎదురుగా నిలబడితే తలుపు కీలు ఎక్కువగా కుడివైపు ఉంటుంది కాబట్టి ఇక్కడ తలుపు గోడ వైపు తెరుచుకుంటుంది, తీసిన పాల ప్యాకెట్ వెంటనే ఎడమ పక్కన గట్టు మీద పెట్టవచ్చు. కాకపోతే గోడకు ఆనించేయకండి. కొన్ని అంగుళాలు వదలకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోదు, లోపలి కూరగాయల డబ్బా బయటికి రాదు. ఎంత వదలాలో మీరు కొనే ఫ్రిజ్ పుస్తకంలోనే రాసి ఉంటుంది.

ఫ్రిజ్, సింకు, స్టవ్వు, ఈ మూడింటి మధ్య నడక మొత్తం 13 నుంచి 26 అడుగుల లోపు ఉండాలన్నది డిజైనర్లు చాలాకాలంగా వాడుతున్న లెక్క. మన నమూనాలో అది సుమారు 18 అడుగులు. ఎదురెదురు గోడలకు రెండు గట్లు పెట్టుకునే పక్షంలో మధ్యన నడిచే దారి ఒక్కరికైతే 3 అడుగులు, ఇద్దరు తిరిగేటట్లయితే 4 అడుగులు వదలండి. సొరుగు లాగినప్పుడు వెనక మనిషి నిలబడాలని గుర్తుంచుకోండి.

కాగితం మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకని సుద్దముక్క తీసుకుని ఖాళీ గదిలో నేల మీద ఇదంతా అసలు కొలతల్లో గీయండి. ఇంట్లో ఎక్కువగా వండేవారిని అక్కడ నిలబెట్టి కాఫీ కలపడం దగ్గర నుంచి పప్పు తాలింపు దాకా ఉత్తి చేతులతో నటించమనండి. నవ్వులాటగా ఉంటుంది కానీ ఫ్రిజ్ తలుపు గుమ్మానికి తగులుతుందని, సింకు దగ్గర ఇద్దరు ఢీకొంటారని పది నిమిషాల్లో తేలిపోతుంది.

గట్టు ఎత్తు

మేస్త్రీకి వదిలేస్తే తనకు అలవాటైన ఎత్తులోనే కడతాడు. ఆ ఎత్తు ఆయన నడుముకు సరిపోవచ్చు, మీ నడుముకు కాదు. వండేవారు చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి మడవాలి. మోచేతి నుంచి 4 నుంచి 6 అంగుళాల కిందకు గట్టు పైభాగం రావాలి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి ఇది సాధారణంగా 33, 34 అంగుళాల దగ్గర తేలుతుంది. అత్తగారు పొట్టి, కోడలు పొడుగు అయితే ఎక్కువసేపు ఎవరు నిలబడతారో వారి కొలతే కొలత.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఈ కొలత టైల్స్ పరిచాక ఉండే నేల నుంచి తీయాలి. సిమెంటు నేల నుంచి కొలిచి గట్టు పోస్తే, పైన టైల్స్ పడ్డాక రెండంగుళాల దాకా తగ్గిపోతుంది. రెండు, గట్టు మీద పెట్టే స్టవ్వు తానే మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది, దానిమీద గిన్నె. పెద్ద గిన్నెలో గరిటె తిప్పాలంటే భుజం లేపాల్సి వస్తుంది. స్టవ్వు ఉన్న మేరకు గట్టును మూడంగుళాలు దించవచ్చు, లేదా మొత్తం గట్టుకు మీ కొలతలో తక్కువవైపు అంకె ఎంచుకోవచ్చు. గ్రానైటును కోసి అందులో దించే స్టవ్వుతో ఈ ఇబ్బంది తగ్గుతుంది గాని, పాలు పొంగినా గంజి పొర్లినా పక్కకు జరిపి తుడుచుకునే వీలు పోతుంది. నన్నడిగితే మన వంటకు మామూలు స్టవ్వే మేలు.

గ్యాసు

ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, స్టవ్వు దానికన్నా ఎత్తులో ఉండాలి. ఈ గ్యాసు గాలికన్నా బరువు. లీకయితే పైకి పోదు, నేల వెంట పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ అర తలుపుకు నేల మట్టం దగ్గర జాలీ గాని చీలికలు గాని తప్పనిసరి. నున్నగా, సందు లేకుండా మూసే తలుపు అందంగా ఉంటుంది, లోపల గ్యాసు నిలవ ఉంటుంది. సిలిండర్ సరిగ్గా స్టవ్వు కిందకు రాకుండా పక్క అరలో, అంటే మూడడుగుల గట్టు కింద పెట్టండి. రెగ్యులేటర్ తిప్పడానికి చెయ్యి పట్టాలి కాబట్టి అర లోపలి వెడల్పు అడుగున్నర ఉంచండి.

రబ్బరు గొట్టం కంటికి కనబడాలి. దాన్ని గోడలోంచి, సొరుగుల వెనకనుంచి పోనివ్వకూడదు. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా గొట్టం ఒకటిన్నర మీటరు మించకుండా తీసుకుని, ఐదేళ్లకోసారి మార్చండి. సిలిండర్‌ను వాష్ ఏరియాలో ఉంచాలనుకుంటే గోడ దాటేది లోహపు పైపే కావాలి, దాన్ని గ్యాసు ఏజెన్సీ మెకానిక్ చేతే వేయించాలి.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల పైపు గ్యాసు వస్తున్న కాలనీలు ఉన్నాయి. అది సహజ వాయువు, గాలికన్నా తేలిక, లీకయితే పైకి పోతుంది. కాబట్టి ఆ వంటగదికి పైన కూడా గాలి పోయే దారి ఉండాలి. రేపు పైపు గ్యాసు వచ్చే వీలుంటే మీటరుకు బయటి గోడ మీద చోటు ఇప్పుడే అనుకోండి.

కరెంటు

వంటగదిలో ప్లగ్గులు ఎన్నున్నా చాలవు, కానీ ఎక్కడున్నాయన్నది ఎన్ని ఉన్నాయన్నదానికన్నా ముఖ్యం. గట్టు మీద వాడేవాటికి గట్టుకు 8, 10 అంగుళాల పైన పెట్టండి. స్టవ్వు వెనక గోడకు అసలు వద్దు, సింకు పక్కన రెండడుగుల లోపు వద్దు. ఫ్రిజ్, ఓవెన్, ఇండక్షన్ స్టవ్వులకు 16 ఆంపియర్ల సాకెట్లు కావాలి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీకి సరిపోయే 6 ఆంపియర్ల సాకెట్ దానికి వేడెక్కి నల్లబడుతుంది. చిమ్నీకి పైన ఒకటి, నీళ్ల ఫిల్టరుకు ఒకటి, ఎగ్జాస్ట్ ఫ్యానుకు ఒకటి విడిగా. ఫ్రిజ్ సాకెట్‌ను దాని వెనక కాకుండా పక్కన పెడితే, ఏదైనా అయినప్పుడు ఫ్రిజ్ లాగకుండానే ఆపవచ్చు. తడి చేతులతో తిరిగే గది కాబట్టి ఈ లైనుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి మరీ చూడండి.

గది మధ్యలో ఒక్క లైటు ఉంటే తరిగేవారి నీడ కత్తి మీదే పడుతుంది. పై అరల అడుగున, ముందంచు వైపు ఒక ఎల్ఈడీ పట్టీ వేయిస్తే సరిపోతుంది.

గోడలు పూత పూయకముందు, వైర్లూ నీళ్ల పైపులూ కనిపిస్తున్నప్పుడే టేపు పక్కన పెట్టి ప్రతి గోడనూ ఫోనుతో ఫొటో తీసి దాచండి. రేపు అరలు బిగించేవాళ్లు డ్రిల్లు పట్టుకున్నప్పుడు ఈ ఫొటోలే పైపులను కాపాడతాయి.

సింకు

రెండు గుంటల సింకు చూడటానికి సదుపాయంలా ఉంటుంది. గుండిగ ఏ గుంటలోనూ పట్టదు. 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతున్న ఒకే గుంట మన గిన్నెలకు సరిపోతుంది. స్టీలు 304 గ్రేడుది అడగండి. 202 గ్రేడు చవక, ఉప్పు నీళ్ల బోరు ఉన్నచోట తొందరగా తుప్పు మచ్చలు పడుతుంది. తిరిగే కుళాయి పెట్టండి, కింద పెద్ద బాండీ పట్టేంత ఎత్తున. నీళ్ల ఫిల్టరు సింకు పక్కన చివరి అరడుగు వైపు గోడకు వెళ్లాలి. అది వదిలే నీటి గొట్టాన్ని వాష్ ఏరియా బకెట్‌లోకి మళ్లిస్తే నేల కడగడానికి పనికొస్తుంది. గిన్నెలు తోమే యంత్రం ఎప్పుడైనా కొనే ఆలోచన ఉంటే 60 సెంటీమీటర్ల వెడల్పు, ఒక కుళాయి, ఒక నీళ్లు పోయే దారి, ఒక 16 ఆంపియర్ల సాకెట్ వాష్ ఏరియాలో వదలండి. 33 అంగుళాల గట్టు కింద అది దూరడం కష్టం.

పొగ

పోపు ఘాటు, చేపల వేపుడు వాసన పక్క గదుల్లోకి పోకూడదంటే చిమ్నీ కన్నా దాని గొట్టం ముఖ్యం. 6 అంగుళాల గొట్టం, వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా నేరుగా బయటి గోడలోంచి పోవాలి. వంపు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. మన నమూనాలో స్టవ్వు బయటి గోడకే ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు. చిమ్నీ వెడల్పు స్టవ్వు కన్నా తక్కువ ఉండకూడదు, స్టవ్వు నుంచి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో బిగించాలి. చిమ్నీ తిరుగుతున్నప్పుడు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. లోపలికి గాలి రాకపోతే బయటికి ఏం లాగుతుంది?

రాయి, చెక్క

గట్టుకు గ్రానైటును మించింది మనకు లేదు, అదీ మన దగ్గరే దొరుకుతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ ప్రపంచమంతా పోతున్నాయి. పాలరాయి మీద చింతపండు పులుసు, నిమ్మరసం పడితే ఆ పులుపుకు మెరుపు పోతుంది. ఫ్యాక్టరీలో తయారయ్యే క్వార్ట్జ్‌లో జిగురు కలిసి ఉంటుంది, పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడవచ్చు. ఏ రాయి అయినా అంచు అంగుళం ముందుకు ఉండి, దాని అడుగున సన్నని గాడి కొట్టించండి. గట్టు మీంచి జారిన నీళ్లు ఆ గాడి దగ్గర ఆగి కింద పడతాయి, తలుపుల మీదికి పాకవు. గట్టు వెనక టైల్స్ మధ్య సందులకు ఎపాక్సీ పూత వేయిస్తే పసుపు మరకలు పట్టవు.

కింది అరలకు అంతా ప్లైవుడ్ పెట్టాలన్న నియమం లేదు. సింకు కింద, సిలిండర్ చోట కడప రాయి నిలువు పలకలు, అడ్డ పలకలు పెట్టి తలుపులు మాత్రం చెక్కతో చేయించడం పాత పద్ధతే గాని చాలా గట్టిది. నీళ్లు కారినా ఉబ్బదు, చెద పట్టదు. మోటుగా ఉంటుంది, లాగుడు సొరుగులు సరిగ్గా కుదరవు. అందుకే సొరుగులు కావాల్సిన చోట మాత్రం ప్లైవుడ్. అది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే తడిని తట్టుకునే రకం అయి ఉండాలి. ముద్రను కోయకముందే పలక మీద చూసి ఫొటో తీసుకోండి. పలక నాలుగు అంచులకూ పట్టీ అంటించాలి. కనబడని వెనక అంచు వదిలేస్తే తడి అక్కడి నుంచే ఎక్కుతుంది.

సొరుగులు, అరలు, అటక

మోకాలి నుంచి కంటి దాకా ఉన్న ఎత్తులో రోజూ తీసేవి, కిందా పైనా వారానికోసారివి, అటక మీద పండగ సామాను. గట్టు కింద లోతు అరలకన్నా సొరుగులు మేలు; వంగి, మోకాళ్లూని వెనక డబ్బా కోసం వెతకనక్కర్లేదు. స్టవ్వు కింద మొదటి సొరుగు గరిటెలకు, రెండోది పోపుల డబ్బాకూ పొడులకూ, మూడోది బాండీలకు, పెనాలకు. బరువైన సొరుగుకు పట్టాలు ఎన్ని కిలోలు మోస్తాయో అడగండి. సీసాల కోసం లాగే సన్న అర ఒకటి చాలు. మూల అరలో తిరిగే చక్రాల అమరికలు ఖరీదైనవి. అక్కడ పెద్ద గుండిగలు తోసేయడమే తేలిక.

పై అరలు గట్టుకు 20 నుంచి 24 అంగుళాల పైన మొదలై, అడుగు లోతు ఉంటే తల తగలదు. గ్రైండర్ పెట్టే చోట మాత్రం దాని మూత తెరిచి పప్పు పోసేంత ఎత్తు కొలిచి చూసుకోండి.

కొటేషన్, పని వరుస

చదరపు అడుగుకు ఇంత అని చెప్పే ధరను నమ్మి సంతకం చేయకండి. ఏ చదరపు అడుగు? తలుపుల ముందుభాగమా, లోపలి పెట్టెతో కలిపా? సొరుగు పట్టాలు, కీళ్లు, పిడులు, పాత గట్టు తీయడం, గ్రానైటుకు సింకు కోత ఇందులో ఉన్నాయా? ప్లై గ్రేడు, కంపెనీ, మందం అన్నీ కాగితం మీదికి రావాలి.

పని వరుస కూడా ముఖ్యం: నీళ్ల పైపులు, వైర్లు, చిమ్నీ కన్నం, తర్వాత గట్టు, తర్వాత నేలకూ గోడకూ టైల్స్, నేలవి గరుకువి, ఆ తర్వాతే చెక్క పనికి కొలతలు. టైల్స్ కాకముందు కొలత తీసుకెళ్లిన వడ్రంగి తెచ్చే పెట్టెలు అరంగుళం తేడాతో ఇరుక్కుంటాయి.

అంతా బిగించాక సింకును అంచు దాకా నింపి ఒక్కసారి వదలండి, కింద గొట్టం అతుకుల చుట్టూ పొడి కాగితం తిప్పి తడి తగులుతుందేమో చూడండి. ఇండక్షన్, మిక్సీ, ఓవెన్ ఒకేసారి వేసి ఫ్యూజు పోకుండా నిలుస్తుందో లేదో చూడండి. గ్యాసు అతుకుల మీద సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయా చూడండి, అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ కాదు. కింది సొరుగులో నిజంగానే మీ గిన్నెలన్నీ నింపి లాగండి. ఇవన్నీ అయ్యాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి.